ఆయనకు నిద్రొస్తోందట

ఫార్మింగ్టన్ హిల్స్,
నవంబర్ 17

ప్రియమైన వేదా,

నీ ఉత్తరం అందింది. కందిపొడి కూడా అందింది. సీసా పగల్లేదు.

ఫోన్ ఎత్తడం లేదని కోప్పడకు. డ్యూటీ నుంచి వచ్చాక మాట్లాడబుద్ధి కావడం లేదు. ఉత్తరమైతే రాయగలను.

ఇక్కడ చలి మొదలైంది. ఆకులన్నీ రాలిపోయాయి. కింది ఫ్లాట్ ఆవిడ దయ్యాల పండక్కి మెట్ల మీద పెట్టిన గుమ్మడికాయను ఇంకా తియ్యలేదు. అది ఒక పక్కకు కూలిపోయింది. రోజూ దాన్ని చూసి కారెక్కుతాను.

లైబ్రరీ నుంచి మూడు పుస్తకాలు తెచ్చుకున్నాను. రేపటితో గడువు అయిపోతుంది. ఒక్కటీ పూర్తి చెయ్యలేదు. ఒకదానిలో నలభై రెండో పేజీ దగ్గర ఆగాను. చాలా రోజులుగా అక్కడే ఉన్నాను.

డ్యూటీ మామూలే. ఎముకల ఆపరేషన్లు అయినవాళ్ళ ఫ్లోర్ కదా. మందులివ్వడం, లేపి నాలుగడుగులు నడిపించడం. పోయిన వారం మా ఫ్లోర్‌లో ఒకామెకు దెబ్బ తగిలింది. నాకేమీ కాలేదు.

మూడు పూటలా తింటున్నాను. ఇక్కడ అంతా క్షేమం. నువ్వూ దేవ్ గారూ క్షేమమని తలుస్తాను.

నీ
రాగిణి


ప్లేనో,
నవంబర్ 29

ఒసే రాగీ,

థాంక్స్‌గివింగ్‌కి ఆఫీస్ మూసేశారు కాబట్టి పెన్ను వెతికాను. నా చేతిరాత చూసి నవ్వకు. రోజంతా టైప్ చేసే వేళ్ళు ఇవి.

నీ ఉత్తరం దేవ్‌కి చదివి వినిపించాను. "మీ ఫ్రెండ్ ఎంత పద్ధతిగా రాస్తారో" అన్నాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. మూడు పూటలా తింటున్నాను, ఇక్కడ అంతా క్షేమం! ఇది హాస్టల్ ఉత్తరమే. ఆదివారం మధ్యాహ్నం డైనింగ్ హాల్లో కూర్చోబెట్టి ఇళ్ళకు ఉత్తరాలు రాయించి, కవర్లు అంటించకుండా సిస్టర్ బెనడిక్టా టేబుల్ మీద పెట్టించేవాళ్ళు కదా, ఆవిడ చదివి పంపడానికి. నాకు టైఫాయిడ్ వచ్చి సిక్ రూమ్‌లో పడుకున్నప్పుడు కూడా మా అమ్మకు "అంతా క్షేమం" అనే వెళ్ళింది. ఏలూరు వదిలి పన్నెండేళ్ళయింది. ఇప్పుడు నీ ఉత్తరాలు ఎవరు చదువుతున్నారే?

ఆ ఒకామె ఎవరు? దెబ్బ ఎలా తగిలింది? జారి పడిందా, ఎవరైనా కొట్టారా? "నాకేమీ కాలేదు" అని నువ్వు ఎందుకు రాశావు? నేను అడగలేదే.

ఇక్కడ ఇంకా ఫ్యాన్ వేసుకుంటున్నాం. మొన్న దేవ్ టర్కీ వండుతానని బయల్దేరి ఆఖరికి చికెన్ ఫ్రై చేశాడు. నాలుగు కుటుంబాలు వచ్చాయి. ఒక ఆంటీ నన్ను ఇంకా పిల్లలెప్పుడని అడిగింది. ఇంట్లో దాక్కోవడానికి సరుకులు పెట్టుకునే ప్యాంట్రీ ఒక్కటే ఉంది. అందులో నిలబడి నీ ఉత్తరం మళ్ళీ చదివాను.

సరిగ్గా రాయి. కవర్ అంటించి పంపు.

వేద


ఫార్మింగ్టన్ హిల్స్,
డిసెంబర్ 14

ప్రియమైన వేదా,

ఆమె పేరు మార్లీన్. నర్సులకు సాయంగా ఉండే టెక్. రోగుల పక్కలు మార్చడం, స్నానాలు చేయించడం, బీపీ చూడడం ఆమె పని. పంతొమ్మిదేళ్ళుగా ఆ ఫ్లోర్‌లోనే ఉంది. అందరినీ బేబీ అంటుంది, డాక్టర్లను కూడా. నేను వచ్చిన మొదటి శీతాకాలం మంచు మీద కారు ఎలా ఆపాలో డ్యూటీ అయ్యాక పార్కింగ్ లాట్‌లో నేర్పింది. "బ్రేక్‌ని తొక్కకు, బ్రతిమాలు" అనేది.

కొట్టినాయన తెలుగాయన. పరంధామయ్యగారు, డెబ్భై ఆరేళ్ళు. కొడుకు రాజీవ్ గారు ఇక్కడ కార్ల కంపెనీలో ఇంజనీరు. కొడుకు దగ్గరకు ఆరు నెలలు ఉందామని వచ్చి మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్ తర్వాత కొందరు పెద్దవాళ్ళకు మతి చెదురుతుంది. ఎక్కడున్నారో తెలియదు. నాలుగైదు రోజుల్లో సర్దుకుంటుంది. ఈయన తనను ఎవరో పట్టుకొచ్చి గదిలో పెట్టారనుకున్నారు. వచ్చిన ఇంగ్లీషు మొత్తం పోయింది.

మధ్యాహ్నం మూడింటికి ఫోన్‌లో తెలుగు దుభాషి కోసం ప్రయత్నించారు. దొరకలేదు. మా మేనేజర్ జోన్ నన్ను వెళ్ళి మాట్లాడమంది. వెళ్ళాను. ఐదు నిమిషాలున్నాను. తర్వాత మార్లీన్ ఆయన పక్క మార్చడానికి లోపలికి వెళ్ళింది. చేతికర్రతో కొట్టారు. అల్యూమినియం కర్ర. ఎడమ కంటి కింద ఎముక విరిగింది. ఆమెకు ఇప్పటికీ వస్తువులు రెండుగా కనిపిస్తున్నాయట.

నేను పరుగెత్తి వెళ్ళేసరికి నేల మీద కూర్చుని ఉంది. కన్ను చూశాను. ఐసు పెట్టాను. డాక్టర్‌ని పిలిచాను. టైమ్ రాశాను. చేతులు వణకలేదు. ఇప్పటికీ వణకలేదు.

రెండు రోజుల తర్వాత మా ఫ్లోర్‌కి వెల్‌నెస్ బండి వచ్చింది. చిన్న చక్రాల బండి. దాని మీద గ్రనోలా బార్లు, లావెండర్ సబ్బులు, పెద్దవాళ్ళు రంగులు వేసుకునే పుస్తకాలు. సిబ్బంది మనసు తేలికపడడానికట. నేనొక పుస్తకం తీసుకున్నాను. సీతాకోకచిలుకకు ఒక రెక్క నీలం వేశాను. రెండో రెక్క అలాగే ఉంది.

నిన్న కుక్కర్ మూత మీద చెయ్యి ఆనించి నిలబడ్డాను. చూసుకునేసరికి బొబ్బ లేచింది. నొప్పి తెలియలేదు.

ఇప్పుడు తప్పు మార్లీన్‌దే అంటున్నారు. మతి చెదిరిన రోగి దగ్గరకు ఇద్దరు వెళ్ళాలని రూలు. ఆమె ఒక్కతే వెళ్ళింది. అందరి దగ్గరా స్టేట్‌మెంట్ తీసుకున్నారు. నేనూ ఇచ్చాను. నాలుగు వాక్యాలు.

కవర్ అంటించాను.

నీ
రాగిణి


ప్లేనో,
జనవరి 4

రాగీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నా ఉద్యోగం తెలుసు కదా. సాఫ్ట్‌వేర్‌లో ఏముందో అందరూ చూస్తారు, ఏం లేదో చూడడానికి నన్ను పెట్టుకున్నారు.

ఆయన వయసు రాశావు. కర్ర దేనితో చేశారో రాశావు. బండి మీద ఏ వాసన సబ్బులున్నాయో కూడా రాశావు. ఆయనకు తెలుగు తప్ప రాదు కాబట్టి నిన్ను పంపారు. ఐదు నిమిషాలు మాట్లాడావు. ఆయన ఏమన్నారు? అది ఎక్కడా లేదు.

ఎనిమిదో క్లాసులో ఎవరో బ్లాక్‌బోర్డు మీద బూతుమాట రాశారు, గుర్తుందా? నువ్వు లీడర్‌వి. డస్టర్‌తో సగం చెరిపావో లేదో సిస్టర్ వచ్చేసింది. "వాట్ వజ్ రిటెన్ దేర్?" అని నిన్నడిగింది. "సంథింగ్, సిస్టర్" అన్నావు. సంథింగట! తర్వాత నన్నడిగింది. నేను ఉన్నదున్నట్టు చెప్పాను, ముక్క తగ్గకుండా. రాసినవాళ్ళు చివరిదాకా దొరకలేదు. లంచ్ అయ్యేదాకా వరండాలో మోకాళ్ళ మీద నిలబడింది నేను. ఆ నెల గుడ్ కండక్ట్ కార్డు నీకిచ్చారు. నువ్వు దాన్ని తెచ్చి నా ట్రంకు పెట్టెలో పెట్టి వెళ్ళిపోయావు, ఒక్క మాట లేకుండా.

అందుకే అడుగుతున్నాను. ఏదో అన్నారని రాయకు.

చేతికి ఏం రాసుకుంటున్నావు? నర్సువి నీకు నేను చెప్పాలా?

వేద


ఫార్మింగ్టన్ హిల్స్,
జనవరి 25

వేదా,

రాస్తాను.

నేను గదిలోకి వెళ్ళగానే, "పాపా, నువ్వు మా ఊరిదానివేనా?" అన్నారు. కాదు. కానీ అవునన్నాను. ఆయన ముఖం తేరుకుంది. మంచినీళ్ళు అడిగారు. పట్టాను. గ్లాసు పక్కన పెడుతుంటే నా మణికట్టు పట్టుకుని, గుమ్మంలో నిలబడ్డ మార్లీన్ వైపు కళ్ళతో చూపించారు. "ఆ నల్ల" అని ఒక మాట అన్నారు. ఆ రెండో మాట రాయలేను. "మళ్ళీ లోపలికొస్తే తల పగలగొడతా. కర్ర దుప్పటి కింద పెట్టుకున్నా" అన్నారు. గొంతు పెంచలేదు. సొంత మనవరాలికి రహస్యం చెప్పినట్టు చెప్పారు.

"ఏమంటున్నాడు, బేబీ?" అంది మార్లీన్.

"ఆయనకు నిద్రొస్తోందట" అన్నాను.

"నేనొక్కదాన్నే వెళ్ళొచ్చా? ఇంకొకళ్ళని పిలవనా?"

"వెళ్ళొచ్చు. శాంతంగానే ఉన్నారు."

ఆ మాట ఆమె ముఖం మీద ఎలా అనాలో నాకు తెలియలేదు. నా నోట్లోంచి వస్తే అది నాదవుతుందనిపించింది. ఆ పెద్దాయనా నేనూ ఒకే భాష మాట్లాడుతున్నాం కదా, ఆమె మా ఇద్దరినీ కలిపి చూస్తుందనిపించింది. కర్ర సంగతి నమ్మలేదనుకుంటాను. మతి చెదిరినవాళ్ళు చాలా అంటారు. నమ్మలేదో, నమ్మలేదని తర్వాత అనుకున్నానో చెప్పలేను. దుప్పటి ఎత్తి చూడలేదు. అది రెండు సెకన్ల పని.

వెళ్ళొచ్చని రాగిణి చెప్పిందని మార్లీన్ తన స్టేట్‌మెంట్‌లో రాసింది. జోన్ నన్ను తన గదికి పిలిచి, అలా చెప్పావా అని అడిగింది. గుర్తు లేదన్నాను.

జోన్ తలుపు వేసింది. మంచిగానే మాట్లాడింది. "గుర్తు లేకపోతే అదే చెప్పు. ఇంకేమీ కలపకు. అసలు నిన్ను దుభాషిగా పంపకూడదు, శిక్షణ ఉన్నవాళ్ళే చెయ్యాలి. ఆ సంగతి బయటికొస్తే నీ లైసెన్స్‌కే ఇబ్బంది" అంది. తనకు కూడా ఇబ్బందని అనలేదు. చెయ్యి బొబ్బ చూసి, బండి మీంచి సబ్బు తీసుకోమంది.

మార్చి 18న విచారణ. మార్లీన్ రూలు తప్పిందని తేలితే ఉద్యోగం తీసేస్తారు. నేను చెబితే అది నా మీదికి వస్తుంది. నన్ను తెచ్చిన ఏజెన్సీ ఒప్పందంలో ఇంకా పద్నాలుగు నెలలున్నాయి.

పోయిన శనివారం పరంధామయ్యగారి కోడలు కృష్ణకుమారిగారు మా ఫ్లాట్‌కి వచ్చారు. అడ్రస్ ఎవరిచ్చారో అడగలేదు. పెరుగు డబ్బాలో పులిహోర తెచ్చారు.

"మావయ్యగారికి ఏమీ గుర్తులేదమ్మా. మొన్న కూడా, ఆ తెలుగమ్మాయి బాగుందా, నీళ్ళు పట్టింది అని అడిగారు. ఇంట్లో ఈగను కూడా కొట్టరు, నిజం. ఈయనైతే ఆఫీస్‌కి వెళ్ళి ఊరికే కూర్చుని వస్తున్నారు. ఇప్పుడు నువ్వేదైనా చెప్పావనుకో, ఆయన అన్నారూ అని రికార్డ్‌లో పడిందనుకో, పేపర్లో వస్తే ఈ ఊళ్ళో మా ముఖాలు ఎలా చూపించాలి? పిల్లలు స్కూల్‌కి ఎలా వెళ్తారు? మనవాళ్ళం మనమే ఇలా చేసుకుంటే ఎలాగమ్మా?"

నేను టీ ఇచ్చాను. ఆవిడ వెళ్ళేటప్పుడు, "డబ్బా తొందరేం లేదు, ఎప్పుడన్నా ఇద్దువుగాని" అన్నారు.

పులిహోర తిన్నాను. బాగానే ఉండి ఉంటుంది.

రాగిణి


ప్లేనో,
ఫిబ్రవరి 9

రాగీ,

ఇది చదివి చింపెయ్.

నేను ఏమంటానని నువ్వు అనుకుంటున్నావో నాకు తెలుసు. అనను.

గురువారం మా టీమ్‌లో నలుగురిని తీసేశారు. మొదటి పేరు శశికాంత్. రిలీజ్ చెయ్యొద్దు, ఇందులో తప్పుంది అని క్లయింట్ ముందు గట్టిగా చెప్పింది వాడే. తప్పు ఉంది. నేనూ చూశాను. టెస్ట్ చేసింది నేనే. ఆ మీటింగ్‌లో మ్యూట్‌లో కూర్చున్నాను. ఇప్పుడు వీసా రూలు ప్రకారం అరవై రోజుల్లో వాడు ఇంకో జాబ్ వెతుక్కోవాలి, లేదంటే పెట్టె సర్దుకోవాలి. వాడి కూతురు అనిక ఫస్ట్ గ్రేడ్. నిన్న కాల్ చేసి, "మీ ఇంట్లో మొక్కలకి ప్లేస్ ఉందా వేదా?" అని అడిగాడు. కరివేపాకు కుండీ ఇచ్చి వెళ్ళాడు.

నోరు మూసుకో. గుర్తు లేదన్నావు కదా, అక్కడే ఉండు. నువ్వు కొట్టలేదు. ఆ ముసలాయన కొట్టాడు. తెలుగు రానివాళ్ళ దగ్గర తెలుగు మాటకు నువ్వు సాక్ష్యం చెబితే నిన్నెవరు చెప్పమన్నారంటారు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు.

ఇది నేను చెబుతున్నానని నీకు నవ్వొస్తోందా? రానీ. మోకాళ్ళ మీద నిలబడ్డ పిల్లకి మోకాళ్ళు గుర్తుంటాయే.

వేద

తా.క. ఆమె కన్ను ఇప్పుడెలా ఉంది?


ఫార్మింగ్టన్ హిల్స్,
మార్చి 22

ప్రియమైన వేదా,

నీ ఉత్తరం చింపలేదు. నోరు మూసుకోమని పేజీ నిండా రాసి, చివర ఒక ప్రశ్న అడిగావు. దానికి నా దగ్గర జవాబు లేదు. నవంబర్ తర్వాత నేను మార్లీన్‌ని చూడనే లేదు. నీకు జవాబు రాయాలంటే వెళ్ళి చూడాల్సి వచ్చింది.

ఆమె సౌత్‌ఫీల్డ్‌లో ఉంటుంది. ఇరవై నిమిషాలు. ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాను. తలుపు తీసి, నా భుజం పక్కన గాలిలోకి చూసింది. అక్కడ ఇంకో రాగిణి కనిపించిందేమో. తర్వాత సరిగ్గా నన్ను చూసింది.

"నువ్వా, బేబీ. బూట్లు విప్పకు, నేల చల్లగా ఉంది."

విప్పాను.

టేబుల్ మీద జిగ్‌సా పజిల్ ముక్కలు పరుచుకుని ఉన్నాయి. వెయ్యి ముక్కల లైట్‌హౌస్. ఒక కన్ను మూసుకుని పేరుస్తోంది. కంటికి వ్యాయామమని డాక్టర్ చెప్పాడట. నేను నిలబడే చెప్పాను. ఆయన అన్నది మొత్తం చెప్పాను. ఆ రెండో మాటకు ఇంగ్లీషులో ఏది దగ్గరో అదే చెప్పాను. మెత్తబరచలేదు. నా గొంతు ఎవరికో మందుల పేర్లు చదివి వినిపిస్తున్నట్టు ఉంది.

మార్లీన్ ఒక ముక్క తీసుకుంది. అది పట్టలేదు. పక్కన పెట్టింది.

"ఆ మాట చెప్పలేకనా?" అంది.

"అవును."

"నాకు బాధ కలుగుతుందని?"

"అవును. నాకు సిగ్గేసి కూడా."

"బేబీ, పంతొమ్మిదేళ్ళుగా నాకు అలాంటి మాటలు రోజూ కాఫీ చల్లారే లోపే తగులుతాయి. వాటికి నా ఎముకలు విరగలేదు. మాట దాచాననుకున్నావు. నువ్వు దాచింది కర్రని."

క్షమించమన్నాను.

"ఈ రోజు కాదు" అంది. కోపంగా అనలేదు. షాపు మూసి ఉందన్నట్టు అంది. మళ్ళీ ముక్కల్లోకి చూసి, "పద్దెనిమిదిన వస్తావా?" అంది.

"వస్తాను."

"మళ్ళీ గుర్తు లేదంటావా?"

"అనను."

"అయితే కూర్చో. అంచు ముక్కలు ఏరిపెట్టు, నాకు అవే కనబడి చావడం లేదు."

ఐదున్నర దాకా ఏరాను.

పద్దెనిమిదిన ఒక పొడవాటి బల్ల, నలుగురు మనుషులు, నీళ్ళ సీసాలు. జోన్ బల్ల వైపే చూస్తూ ఉంది. నేను స్టేట్‌మెంట్‌లో రాయనివి చెప్పాను. దుభాషిగా ఎవరు పంపారో, ఏం విన్నానో, మార్లీన్ ఏం అడిగిందో, నేనేం అన్నానో. గుర్తు లేదన్నది అబద్ధమని కూడా చెప్పాను. టైప్ చేసుకునే ఆవిడ రెండుసార్లు ఆపమంది. తర్వాత ఒక కాగితం నా ముందు పెట్టి, ఆయన అన్న మాటలు ఆయన భాషలోనే రాసివ్వమంది. సర్టిఫైడ్ అనువాదకుడికి పంపుతారట.

రాశాను. నీకు రాయలేనన్నది ఇప్పుడు రాస్తున్నాను. ఆ నల్లముండ మళ్ళీ లోపలికొస్తే తల పగలగొడతా. కర్ర దుప్పటి కింద పెట్టుకున్నా. రెండు వాక్యాలు. అక్షరాలు గుండ్రంగా వచ్చాయి. తలకట్లన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయి. సిస్టర్ బెనడిక్టా చూస్తే పదికి తొమ్మిది వేసేది. తల ఎత్తేసరికి అందరూ ఆ కాగితాన్నే చూస్తున్నారు. వాళ్ళలో ఒక్కరికీ అది చదవడం రాదు.

మార్లీన్ మీద పెట్టిన తప్పు తీసేశారు. కన్ను సర్దుకునేదాకా డెస్క్ పని ఇస్తారు. నన్ను డ్యూటీలోంచి ఆపారు. లైసెన్స్ బోర్డుకు రాస్తారట. ఏజెన్సీ నుంచి ఇంకా ఏమీ రాలేదు. పరంధామయ్యగారి మీద కేసేమీ పెట్టలేదు, ఆయన రోగి. కృష్ణకుమారిగారు "నువ్వు ఇలా చేస్తావనుకోలేదు" అని మెసేజ్ పంపారు. ఆవిడ డబ్బా కడిగి కారు ముందు సీట్లో పెట్టుకున్నాను. రెండుసార్లు వాళ్ళ వీధి దాకా వెళ్ళి తిరిగి వచ్చాను.

భయం వేస్తుందేమోనని చూస్తున్నాను. ఇంకా రాలేదు. నలభై రెండో పేజీ దాటాను. నలభై ఆరులో ఉన్నాను.

శశికాంత్ గారి కరివేపాకుకు రోజూ నీళ్ళు పోయకు, వేరు కుళ్ళుతుంది.

ఆమె కన్ను ఎలా ఉందని అడిగావు. దూరంగా ఉన్నవి ఒకటిగానే కనిపిస్తున్నాయట. దగ్గరవి ఇంకా రెండు.

విచారణ అయ్యాక బయట బెంచీ మీద కూర్చున్నాను. మార్లీన్ వచ్చి పక్కన కూర్చుంది. కోటు వేసుకుంది, బొత్తాలు పెట్టుకుంది, లేవలేదు. "ఆ కర్రని మీ భాషలో ఏమంటారు?" అంది.

"కర్ర."

"కరా."

"కర్ర."

"ఆ ఒక్కటీ నేర్పు, చాలు. మిగతావి ఏమన్నా అనుకోనీ" అంది. "ఇంకోసారి చెప్పు. గట్టిగా."

చెప్పాను.

రాగిణి